సగం బావిలో గుర్రపుడెక్క

1976 ఆగస్టు 25, బుధవారం, అమావాస్య. సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందు, తిరుత్తణిలో మా పెరటి బావి పక్కనున్న సిమెంటు తొట్టిలో నేను రెండు మొక్కలు వదిలాను. నిమిషాలతో సహా చెప్పడానికి నాకేమీ గొప్ప జ్ఞాపకశక్తి లేదు. తోట పుస్తకం ఉండేది. ఏ మొక్క ఏ రోజు నాటాను, ఎన్ని బతికాయి, ఎన్ని చచ్చాయి, బావిలో నీళ్లు గట్టు నుంచి ఎన్ని అడుగుల కింద ఉన్నాయి, అన్నీ అందులో రాసేదాన్ని. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. నా పిల్లలు తమిళంలో చదువుకున్నారు. పుస్తకాల్లోని తెలుగు అక్షరాలు వాళ్లకు రావు. కాబట్టి అందులో ఏముందో నేనే చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టమై కాదు.

ఆ రోజు తిరువళ్ళూరులో అమావాస్య దర్శనం చేసుకుని బస్టాండుకు నడిచి వస్తున్నాను. దారి పక్క నీటిగుంటలో ఊదారంగు పూలు, గుత్తులు గుత్తులుగా. ఆకు పచ్చగా, మందంగా, నూనె రాసినట్టు ఉంది. కాడ మధ్యలో బుడగలా ఉబ్బి ఉంది. గుంట ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతోంది. ఒక్క మొక్క తీసుకోవచ్చా అని అడిగాను. ఆమె పగలబడి నవ్వింది.

"ఎవ్వళవు వేణుమో ఎడుత్తుక్కో తాయీ!" అంది. ఎంత కావాలంటే అంత తీసుకోమంది. "గుంటంతా తీసుకుపోయినా నాకు మేలే" అని కూడా అంది.

ఆ నవ్వు నాకు అర్థం కావలసింది. తోట పని తెలిసిన ఆడది ఎవరూ మంచి మొక్కను అలా ఇవ్వరు. గుండుమల్లె అంటు అడిగితే నాలుగుసార్లు తిప్పుకుంటారు. కరివేపాకు పిలక అడిగితే శుక్రవారం కాదు, మంగళవారం కాదు అంటారు. అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చారంటే ఆ మొక్క వాళ్ల ప్రాణం తీస్తోందని అర్థం. ఈ సూత్రం నేను తరవాత రాసుకున్నాను. అప్పటికి రెండు మొక్కలు టిఫిన్ డబ్బాలో, నీళ్లతో సహా, నా వైరుబుట్టలోకి చేరాయి.

మట్టిలో పెరిగే శత్రువులన్నీ నాకు తెలుసు. తుంగను పైన పీకితే లాభం లేదు, గడ్డ దొరికేదాకా తవ్వాలి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకాలి, చేతికి గుడ్డ చుట్టుకుని. పక్క వీధి వాళ్లు లంటానా పూలు బాగున్నాయని కంచెగా వేసుకున్నారు. ఏడాదికి కంచె వాళ్ల వాకిలి దాకా వచ్చింది. నాకు కొమ్మ ఇస్తామంటే వద్దన్నాను. సీమతుమ్మ విత్తనం మేకపెంటలో వచ్చి మొలిస్తే వేలెడు మొలకప్పుడే తీసేదాన్ని. ఇంత జాగ్రత్త గలదాన్ని ఆ మొక్కను చూసి ఏమనుకున్నానో పుస్తకంలో రాసి ఉంది: "మన్ను అక్కరలేని మొక్క. నేలను పట్టదు. భయం లేదు."

ఈ జాగ్రత్తంతా నాకు నేర్పింది మా తోడికోడలు, మా బావగారి భార్య. నేను 1958లో పదిహేడేళ్ల పిల్లగా ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఆరు. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ, "అమ్మే" అనేది. మల్లెకు మార్గశిరంలో ఆకు దూసి కొమ్మ కత్తిరిస్తే వేసవిలో పూత దిగుతుందని ఆమె చేతిలోంచే నేర్చుకున్నాను. తుంగగడ్డ తవ్వడం కూడా.

1971లో అన్నదమ్ములు వేరు పడ్డారు. ఇల్లు రెండయింది, పెరడు రెండయింది. బావి మాత్రం ఒకటే. అది ఊరు అటువైపు పెరగకముందు తోటకు తవ్విన బావి. పదహారు అడుగుల చదరం, ముప్పై నాలుగు అడుగుల లోతు, మధ్యాహ్నం ఎండ నీళ్ల మీద పడేంత వెడల్పు. పాత రైలుపట్టా ముక్కలు రెండు బావికి అడ్డంగా వేసి వాటి మీద అయిదడుగుల గోడ కట్టారు. తూర్పు సగం వాళ్లది, పడమర సగం మాది. ఇటు ఒక గిలక, అటు ఒక గిలక. పంపకం చేసిన పెద్దలు ఒక్క మాట అన్నారు. ఏటా ఎండాకాలంలో రెండిళ్ల వాళ్లూ ఒకే రోజు దిగి పూడిక తీయాలి, బావి గట్టుకు పసుపు కుంకుమ ఇద్దరు కోడళ్లూ కలిసి పెట్టాలి. అయిదేళ్లు అలాగే చేశాం. నీళ్లు తియ్యగా ఉండేవి. ఆ నీళ్లతో నా వైపు నలభై ఒక్క గుండుమల్లె చెట్లు, ఒక నిమ్మచెట్టు. ప్రతి నెలా కృత్తిక నక్షత్రం రోజున ఇద్దరం మా తోట పూలు కట్టుకుని ఊళ్లో సామి కొండెక్కేవాళ్లం. మూడువందల అరవై అయిదు మెట్లు. నేను లెక్క పెట్టుకుంటూ ఎక్కేదాన్ని, ఆమె కబుర్లు చెప్పుకుంటూ.

ఆ అమావాస్య సాయంత్రం నేను మొక్కలు వదులుతుంటే ఆమె గోడ మీదుగా చూసింది.

"ఏందమ్మే అది?"

"నీళ్లల్లో మొక్కక్కా. తిరువళ్ళూర్నించి తెచ్చినా."

"అమావాస పొద్దు ఎవురన్నా మొక్క నాటతారా?"

"నాటేది యాడక్కా? ఊరికే నీళ్లల్లో ఇడిసినా. నాటితే గదా అమావాస!"

"నీ నోటికి లా పాయింటు ఎప్పుడూ దొరకతాది" అని నవ్వుకుంటూ పోయింది.

సెప్టెంబరు 8న నాలుగు. 22న తొమ్మిది. అక్టోబరు 6న పదహారు. పుస్తకంలో ఈ అంకెల పక్కన సంతోషంతో గీసిన చిన్న పువ్వు బొమ్మలు ఉన్నాయి. అక్టోబరు 10 ఆదివారం మొదటి గుత్తి పూసింది. నేను అక్కను పిలిచాను. ఆమె తొట్టి మీదికి వంగి, పై రేకును వేలితో ఎత్తి చూసింది. ఊదారంగు రేకు మధ్యలో ముదురు నీలం, దాని నడుమ పసుపుచుక్క.

"చూడమ్మే, నెమిలికన్ను!" అంది. "అచ్చం నెమిలి ఈక మీద ఉండే కన్నే. మన కొండ మీద సామి వాహనం గుర్తు. ఇది ఉత్త పువ్వు గాదు." కళ్లకద్దుకుంది. చెంపలు వేసుకుంది.

తిరుత్తణిలో పుట్టి పెరిగినవాళ్లే ఆ పువ్వులో అది చూస్తారు. వేరే ఊళ్లో అయితే గుంటలో కలుపు. మా వీధిలో నెలలోపల అది సామి పువ్వయింది. నన్ను అడిగి అయిదిళ్ల వాళ్లు పట్టుకెళ్లారు. అక్కకు ఆరు మొక్కలు పళ్లెంలో పెట్టి, పసుపు కుంకుమతో, గోడ మీదుగా ఇచ్చాను. ఆమె తన తొట్టిలో వేసుకుంది.

అప్పుడే మా మధ్య ఒక మాట వచ్చింది. నా తొట్టికి ఇరవై కంటే ఎక్కువ పట్టవు. ఎక్కువైనవి నేను పేడకుప్పలో పారేస్తుంటే ఆమె చూసింది.

"కుప్పలో ఎయ్యొద్దమ్మే. సామి గుర్తు ఉండేదాన్ని తొక్కరాని చోట ఎయ్యాల."

దేవుడికి పెట్టి తీసిన పూలను మా ఇళ్లలో చెత్తలో వేయరు. కాలు పడని చోట వేస్తారు. అక్కకు ఆ చోటు బావి. రోజూ పూజ అయిన పూలు నాలుగు రేకులు బావిలో వదిలేది. నాకు అది మొదటి నుంచీ నచ్చదు. నీళ్లు తాగేవి కదా అని అనేదాన్ని. ఆమె నవ్వేసేది.

నవంబరు 21, ఆదివారం, నా తొట్టికి పాచి పట్టిందని మొక్కలన్నీ తీసి కడిగాను. అది ప్రతి నెలా చేసే పనే.

డిసెంబరు 30 గురువారం పొద్దున నీళ్లు చేదుతూ చూశాను. బావిలో, గోడకు అవతల, ఆమె సగంలో, పచ్చగా ఒక గుంపు తేలుతోంది. బావి లోపలి మెట్లు దిగి లెక్క పెట్టాను. ఏడు. బట్టలుతికే బండ ఎక్కి గోడ మీదుగా పిలిచాను.

"అక్కా, బావిలో ఏసినావా ఆ మొక్కల్ని?"

"నేనెందుకేస్తానమ్మే?"

"నీ పక్కనే ఉండాయి గదా, ఏడు."

"గాలికి వచ్చింటాయి. నీళ్లకు నీ పక్క, నా పక్క ఉండాదా?"

"పూజపూలు బావిలో ఏసేది ఎవురు? కుప్పలో ఎయ్యొద్దు, తొక్కరాని చోట ఎయ్యాలన్నది ఎవురు?"

"పూలు ఏస్తా. మొక్కలు యాడేసినా? జాస్తి అయినవి కొబ్బరిచెట్టు మొదుట్లో పూడ్చినా. రా, వచ్చి చూడు. కొండ మీద సామి సాచ్చి, నేను బావిలో ఎయ్యలే."

"సామిని ఎందుకులే పంచాయితీకి పిలిచేది" అని నవ్వాను.

ఆమె ముఖం ఎర్రబడింది. గిలక మీద తాడు వదిలేసి లోపలికి పోయింది. కొబ్బరిచెట్టు మొదట్లో చూడ్డానికి నేను పోలేదు. పది అడుగుల దూరం.

ఏడు మొక్కలు. ఒక బొక్కెన, పది నిమిషాల పని. నేను తీయలేదు. వేసినవాళ్లే తీయాలి అనుకున్నాను. ఆమె కూడా తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమె అనుకుంది. ఇద్దరం నీళ్లు చేదుకుంటూ, వాటిని బొక్కెనతో పక్కకు నెట్టుకుంటూ, రోజూ చూస్తూనే ఉన్నాం. జనవరి చివరికి ముప్పై. ఫిబ్రవరి చివరికి నూట ఇరవై దాటి, లెక్క వదిలేశాను. ఏప్రిల్ 17న రాసుకున్నాను: "నీళ్లు కనబడడం లేదు."

బావి మీద పచ్చ దుప్పటి కప్పినట్టు అయింది. బొక్కెన వదిలితే నీళ్లకు తగలదు, ఆకుల మీద ఆగుతుంది. తాడు ఎగరేసి కొట్టాలి. పైకి లాగితే నీళ్లతో పాటు నల్లటి వేళ్లు, కుళ్లిన ఆకు, పురుగులు. ఆ మేలో కలిసి పూడిక తీయడం మొదటిసారి ఆగిపోయింది. పసుపు కుంకుమ నా సగం గట్టుకు నేను పెట్టాను. ఆమె సగానికి ఆమె పెట్టింది. వేరు వేరు రోజుల్లో.

తరవాత మూడేళ్లు మేం చేసింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆయన ఆవడి ఫ్యాక్టరీలో పని, ఆదివారమే ఇంట్లో ఉండేవారు. ఆదివారం ఆయన మెట్లు దిగి మా సగం శుభ్రం చేసేవారు. ఇరవై గంపలు, ముప్పై గంపలు. ఆ సాయంత్రానికి ఆమె సగంలోవి మెల్లగా జరిగి మా సగంలోకి వచ్చేవి. బావగారు గురువారం వాళ్ల సగం తీసేవారు. శుక్రవారానికి మావి అటు జరిగేవి. రెండు మగ ప్రాణాలు, వారానికి రెండు రోజులు, ఒకే బావిలో దిగుతున్నాయి. ఒకే రోజు మాత్రం కాదు. అక్క నాకు కబురు పెట్టదు, నేను ఆమెకు పెట్టను. ఎదురుపడితే మాట్లాడుకునేవాళ్లం. బియ్యం, ఎండ, పిల్లల చదువు. బావి మాట మాత్రం ఎత్తం. కొండకు కూడా వేరు వేరుగా ఎక్కడం మొదలుపెట్టాం.

1978లో నేను మా ఆయన చేత గోడ కింద, నీళ్ల మీద, ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెదురుబొంగులు కట్టించాను. మొక్కలు ఇటు రాకుండా. మర్నాడు అక్క గోడవతలి నుంచి అంది.

"పైన గోడ చాలదని నీళ్లల్లో గూడా గోడ కట్టినావా అమ్మే? రేపు గాల్లో గూడా కడతావా?"

"రాకుండా ఉంటే కట్టేపని ఏముండె?"

వెదుర్లు రెండు నెలలు ఆగాయి. మొక్కలు వాటి కిందనుంచి తీగ పంపి అవతల తల ఎత్తాయి.

తీసిన గంపలతో ఇంకో తప్పు చేశాను. పచ్చి ఎరువు కదా అని మల్లెల మొదట్లో దండిగా పరిచి మన్ను కప్పాను. అంత పచ్చి ఆకు ఒకచోట కుళ్లితే లోపల వేడి పుడుతుంది. చేయి పెడితే కాలేంత వేడి. ఎనిమిది మల్లెలు వేరు మాడి చచ్చాయి. నలభై ఒకటిలో ముప్పై మూడు మిగిలాయి. ఆ విషయం గోడవతల అడిగి ఉంటే అక్క చెప్పేది. ఎండబెట్టి వెయ్యమనేది. అడగలేదు.

1979 వేసవిలో పళ్ళిపట్టు వైపు నుంచి బావులు పూడిక తీసే పెద్దాయన వచ్చాడు. బావి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి, కిందికీ గోడకీ మార్చి మార్చి చూశాడు.

"ఈ పక్క మాత్రం తియ్యాలి" అన్నాను.

"సగం బాయి తీసేది మా తాత గూడా నేర్పలేదమ్మా" అన్నాడు. "రెండిండ్లూ సరే అంటే ఎనిమిది మందిమి దిగతాము. ఒక్క పొద్దులో ఏరుతో సహా ఎత్తేస్తాము. ఒక్క మొక్క మిగిలినా మళ్లీ ఇదే కత. మీ పార్టిషను గోడకు తెలుసు గానీ, ఈ గుర్రపుడెక్కకు తెలుసునా?"

ఆ మొక్కకు తెలుగులో ఆ పేరు ఉందని అప్పుడే విన్నాను. అడిగి చెబుతానన్నాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, "అడగరులే" అన్నాడు, నాతో కాదు, బీడీతో చెప్పినట్టు. నేను అడగలేదు.

1980 మే 18, ఆదివారం. ఆ ఏడు ఎండలకు బావి అడుగుకు పోయింది. ముప్పై రెండు అడుగుల కింద చారెడు నీళ్లు, మిగతాది బురద, ఆ బురదలో చతికిలబడిన మొక్కలు. ఆకులు పసుపెక్కాయి. మూడున్నరేళ్లలో ఆ బావి బాగుపడడానికి వచ్చిన ఒకే ఒక్క రోజు అది. పొద్దున ఎనిమిది గంటలకు అక్క గోడ దగ్గర నిలబడి పిలిచింది. చేతిలో పసుపు గిన్నె ఉంది. అది నేను చూశాను.

"అమ్మే, ఇట్లా రా. బావిలో నీళ్లు లేవు. ఈపొద్దు ఇద్దరిండ్లోళ్లూ దిగి ఊడ్చేస్తే పీడ పోతాది. నేను సద్ది కట్టినా అందురికీ. మీ ఆయన్ని గూడా లేపు."

నేను కళ్లాపి చల్లుతున్నాను. మళ్లీ తల ఎత్తలేదు.

"ఏసినోళ్లే తీస్తే న్యాయం" అన్నాను.

పసుపు గిన్నె గోడ మీద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ తరవాత ఒక్క మాట అంది.

"సరే. అట్లే కానీ."

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. నేను కూడా.

మొక్కలు ఎండకు మాడిపోయాయి కదా, బురదలోనే ఎరువైపోతాయి అనుకున్నాను. ఆ పువ్వు వాడిపోయాక కాడ నీళ్లలోకి వంగి గింజలు దులుపుతుందని, ఆ గింజ బురదలో ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంటుందని నాకు తెలియదు. వానలు పడి నీళ్లు చేరాక, అక్టోబరు 19న, బావి చుట్టూ అంచుల్లో వేలిగోరంత ఆకులు కనబడ్డాయి. లెక్క పెట్టలేదు. లెక్కకు అందేవి కావు.

1982లో రెండిళ్ల వాళ్లమూ వేరు వేరుగా బోర్లు వేయించుకున్నాం. ఇద్దరికీ ఉప్పునీళ్లే పడ్డాయి. అన్నం పచ్చబడేది, పప్పు ఉడికేది కాదు. మల్లెలకు ఆ నీళ్లే పోశాను, వేరే దారి లేక. ఆకు అంచులు మాడాయి, మొగ్గలు సన్నబడి రాలాయి. నిమ్మచెట్టు ఆ ఏడు చివర ఎండిపోయింది.

బావి దోమలకు నిలయమైంది. పక్క వీధి వాళ్లు ఫిర్యాదు చేశారు. మగవాళ్లిద్దరూ వాకిట్లో నిలబడి మాట్లాడుకుని తేల్చుకున్నారు, మమ్మల్ని అడగలేదు. 1983 సెప్టెంబరు 5, సోమవారం, తొమ్మిదింటికి మొదటి బండి ఇటుకముక్కలు, మట్టి వచ్చింది. మొత్తం మూడు రోజులు. సగం బావి శుభ్రం చేయడం కుదరలేదు కానీ, పూడ్చడం మాత్రం ఇద్దరికీ కలిసే కుదిరింది. గోడ కింద రైలుపట్టాల దాకా మట్టి నిండింది. ఆ నెలలోనే బావగారూ అక్కా ఆవడిలో కొడుకు క్వార్టర్సుకు పోయారు. ఇల్లు అద్దెకిచ్చారు. లారీ ఎక్కేముందు ఆమె మా వాకిలి వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నేను తలుపు వెనక ఉన్నాను.

1984 జనవరి మొదటి వారంలో పాత తోట పుస్తకాలు దించాను. మల్లెలు ఎన్నేళ్లలో ఎన్ని పోయాయో వరసగా రాద్దామని. 1976 పుస్తకం తిప్పుతుంటే నవంబరు పేజీ వచ్చింది. నా చేతిరాతే.

"21-11. ఆదివారం. తొట్టి కడిగాను. మొక్కలు బొక్కెనలోకి తీసినవి 19. తిరిగి తొట్టిలో వేసినవి 18."

రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రాసిన చేయి చూడలేదు. ఆ బొక్కెననే నేను తరవాత బావిలోకి దించి నీళ్లు చేదాను. అడుగున అంటుకుని ఉన్న ఒక పిల్లమొక్క అందులోంచి జారింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. లెక్క వేశాను. తొట్టిలో రెండు నాలుగు కావడానికి పద్నాలుగు రోజులు, నాలుగు తొమ్మిది కావడానికి పద్నాలుగు. అంటే రెండు వారాలకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకాస్త. డిసెంబరు 30న బావిలో ఏడు. అంతకు రెండు వారాల ముందు నాలుగో మూడో. దానికి రెండు వారాల ముందు రెండు. ఇంకాస్త వెనక్కి పోతే ఒకటి. నవంబరు 21కి వచ్చి ఆగింది. ఈ అంకెలన్నీ ఆమె మీద అరిచిన రోజే నా దగ్గర ఉన్నాయి. కూడటానికి పట్టేది అయిదు నిమిషాలు.

మా ఆయనకు చెప్పాను. "ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం? బావే లేదు కదా" అన్నారు. నెల రోజులు ఆగాను. ఫిబ్రవరి 12 ఆదివారం పుస్తకం వైరుబుట్టలో పెట్టుకుని, రైలెక్కి ఆవడి పోయాను.

క్వార్టర్సు తలుపు తీసింది ఆమె. ముందుకంటే చిక్కింది. కళ్లకు పొర వచ్చింది. దగ్గరగా వచ్చి చూసి గుర్తుపట్టింది.

"రాండి" అంది. "కూసోండి."

ఇరవై ఆరేళ్లలో ఆమె నన్ను బహువచనంతో పిలవడం అదే మొదలు. అప్పుడే నాకు లేచి వెనక్కి రావాలనిపించింది. కూర్చున్నాను. బావగారు ఇంట్లో లేరు, కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చింది. నేను పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి అక్క ముందు పెట్టాను.

"నాకు కనపడదు" అంది. కోడలికి ఇచ్చింది. ఆ పిల్ల చదువుకున్నది తమిళంలో. తెలుగు రాత చూసి తిప్పలు పడింది. అంకెలు మాత్రం తెలిశాయి.

"అత్తా, ఇంగ పత్తొన్బదు పోట్టిరుక్కు. కీళే పదినెట్టు" అంది. ఇక్కడ పందొమ్మిది అని ఉంది, కింద పద్దెనిమిది.

అంతకంటే నేను చెప్పేది ఏమీ మిగల్లేదు. అయినా చెప్పాను. తొట్టి కడగడం, బొక్కెన, ఒకటి తగ్గడం, వెనక్కి వేసిన లెక్క. అక్క చీరకొంగును మడతలు పెడుతూ, విప్పుతూ విన్నది.

"కొబ్బరిచెట్టు మొదుట్లో చూసినావా?" అంది చివరికి.

"లేదక్కా."

"పది అడుగులు గదమ్మే." ఆ ఒక్కసారి పాత పిలుపు వచ్చింది. "సామి మీద ప్రమాణం చేసినా. దాన్ని గూడా ఎగతాళి చేస్తివి. ఆ నవ్వే నాకు నిద్రపట్టనీయలేదు, మొక్కలు గాదు. ఏడేండ్లు గంపలు లెక్కబెడితివి, ఆకులు లెక్కబెడితివి. ఆ కూడికలో నన్ను యాడ పెట్టినావు?"

క్షమించమని అన్నాను. ఆ మాట మా ఇళ్లలో అనుకునేది కాదు, నా నోటికే కొత్తగా ఉంది. ఆమె విననట్టు కోడలి వైపు తిరిగింది.

"కాపీ కలుపు ఆమెకు."

కాఫీ వచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టి, ఏదో ఒకటి అడగాలి కదా అన్నట్టు, "మల్లెలు ఎన్ని ఉండాయి?" అంది.

"మూడు."

"ఉప్పునీళ్లకు అంతే" అంది.

నేను లేచాను. ఆమె తలుపు దాకా వచ్చింది. నాకు తెలిసి ఆమె ఏ ఆడదాన్నీ బొట్టు పెట్టకుండా గడప దాటించలేదు. ఆ రోజు కోడలి చేత పెట్టించింది.

"పొయ్యొస్తారా? మంచిది" అంది.

తరవాత రెండుసార్లు పోయాను. రెండుసార్లూ రాండి, కూసోండి, కాపీ. ఎండ ఎక్కువగా ఉంది అనుకున్నాం. 1987 జూన్‌లో ఆమె ఆవడిలోనే పోయింది. తిరుత్తణికి మళ్లీ రాలేదు.

తోట పెట్టుకునే ఆడపిల్లలు నన్ను ఏ మొక్క వేయకూడదని అడుగుతూ ఉంటారు. గుర్రపుడెక్క వద్దు, తొట్టిలో కూడా వద్దు అంటాను. తిరువళ్ళూరు గుంటలో అది ఇంకా ఉంది, ఇంకా పూస్తోంది. కారణం అడిగితే బావి సంగతి చెబుతాను. మిగతాది ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

పుస్తకం ప్రకారం పోయినవి ఇవి. బావి ఒకటి, పదహారు అడుగుల చదరం, ముప్పై నాలుగు అడుగుల లోతు. గుండుమల్లెలు నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది. నిమ్మచెట్టు ఒకటి. ఇద్దరం కలిసి కొండెక్కని కృత్తికలు, 1977 నుంచి ఆమె పోయేదాకా, అన్నీ. మాట లేని రోజులు, 1980 మే 18 నుంచి 1984 ఫిబ్రవరి 12 వరకు, వెయ్యిన్నీ మూడువందల అరవై అయిదు. అక్క ఒకతె.